అట్ట తీస్తే

కొళాయి దగ్గర బిందెల వరుసలో ఉండగా పక్కింటి నాన్సీ తన సెల్లు తెచ్చి సౌభాగ్య మొహం ముందర పెట్టింది. వరుసలో ఎవరైనా దూరతారేమోనని ఒక కన్ను బిందె మీదే ఉంచి, ఇంకో కంటితో సౌభాగ్య సెల్లు చూసింది. అందులో జగదీష్ ఉన్నాడు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు వెనకాల చేపల అంగడి పెట్టుకున్న జగదీషే. ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, ఒళ్ళో కప్పు పెట్టుకుని కూర్చున్నాడు. బెంగళూరు పోటీలో అతని ఫైటరు చేపకు మొదటి బహుమతి వచ్చిందట. ఎవరో మైకు పట్టుకొచ్చి ప్రశ్నలు అడుగుతున్నారు.

ఆ చేప బొమ్మ పక్కన వస్తూ పోతూ ఉంది. బంగారు గనుల సైనైడు దిబ్బల బూడిద రంగు ఒళ్ళు, రెక్కల అంచున మాత్రం సన్నగా బంగారు గీత. దాన్ని పెంచింది సౌభాగ్య, దిబ్బోడు అని పిలిచేది. సెల్లులో దానికి ఇంగ్లీషులో వేరే పేరేదో రాశారు.

ఇన్ని చేపల్ని మీరొక్కరే చూసుకుంటారా అని మైకాయన కన్నడంలో అడిగాడు. జగదీష్ నవ్వాడు. బాటిళ్ళు కడగడానికి మా లైన్లో ఒకామె ఉంది, మిగతా అంతా నేనే అన్నాడు.

"ఇంగోసారి పెట్టు," అంది సౌభాగ్య.

నాన్సీ మళ్ళీ పెట్టింది. సౌభాగ్య ఈసారి బిందె వైపు చూడలేదు. వెనకామె తన బిందెను ముందుకు తోసుకుంది. నీళ్ళు పట్టుకుని, బిందె చంకన పెట్టుకుని ఇంటికి నడుస్తున్నంతసేపూ నాన్సీ ఏదో ఒకటి అంటూనే ఉంది. అడగమంది, తిట్టమంది, నాలుగు మాటలు నీ సెల్లులో నువ్వూ చెప్పి వదలమంది. సౌభాగ్య బిందె తొణక్కుండా చూసుకుంటూ నడిచింది.

ఇంటి వెనక రేకుల కింద, ఇటుకల మీద పలకలు పరిచి, వాటి మీద సీసాలు వరుసగా పెట్టి ఉన్నాయి. హార్లిక్సువి, ఊరగాయవి, దొరికినవన్నీ. ఒక్కో సీసాలో ఒక్కో మగ చేప. సీసాకూ సీసాకూ నడుమ ఒక పెళ్ళిపత్రిక. గని కూలీల ఇళ్ళ లైన్లో ఎవరింట్లో పెళ్ళయినా, పాత పత్రికలన్నీ సౌభాగ్య దగ్గరికే చేరేవి. వినాయకుడు ఒకచోట, సిలువ ఒకచోట, అరటిచెట్ల పందిరి ఒకచోట. ఆ అట్టలు అడ్డం లేకపోతే చేపలు ఒకదాన్నొకటి చూసుకుని రోజంతా గాజును పొడుస్తూ ఉంటాయి. పూటకొకసారి ఆమె అట్ట పైకి తీసేది. రెండు చేపలూ ఒకదాన్నొకటి చూసి, చెంపల కింద మొప్పల్ని చెవుల్లాగా విప్పి, తోకలు పరిచి నిలబడేవి. ఆ కాసేపు కోపం ఉంటేనే రెక్క పెరుగుతుంది. అంతకు మించితే ఆ కోపమే ఒంటిని తినేస్తుంది. ఎప్పుడు తీయాలో కంటే ఎప్పుడు మళ్ళీ దించాలో తెలియడమే ఇందులో పని.

వరుస చివర ఒక సీసా ఖాళీగా ఉంది. దానికి రెండు వైపులా అట్టలు అట్లాగే ఉన్నాయి. దిబ్బోడి సీసా అది. ఫోటో తీసుకుని తెచ్చిస్తానక్కా అని జగదీష్ దాన్ని తీసుకుపోయాడు. రోజులు గడిచినా తేకపోతే సౌభాగ్యే అంగడికి పోయింది. గల్లాపెట్టె పక్కన గుండ్రటి గాజు గిన్నె, దాని వెనక నిలువు అద్దం. గిన్నెలో నీళ్ళు మాత్రం ఉన్నాయి. వచ్చినవాళ్ళకు రెక్కలు విప్పి కనబడాలని పగలంతా అద్దం ముందర పెట్టినాడన్నమాట. ఎండకు పోయిందక్కా, మీను గదా, అన్నాడు జగదీష్, ఇంకెవరికో ఆక్సిజన్ గొట్టం చూపిస్తూ. ఆ రోజు ఆమె ఖాళీ చేతులతో వచ్చేసింది. ఫోటో పేరు చెప్పి బెంగళూరు తీసుకుపోయి కొట్టిన ఈ కప్పు సంగతి అప్పటికి తెలియదు.

*

మరునాడు పొద్దున జగదీష్ మైసూరుపాకు డబ్బా తీసుకుని వచ్చాడు. లోపలికి రాకుండా నేరుగా వెనక్కి పోయి, రుబ్బురోలు మీద కూర్చుని, అక్కా కాఫీ ఉండాదా అని అడిగాడు. సౌభాగ్య కాఫీ ఇచ్చింది. డబ్బా విప్పలేదు.

అతను వచ్చిన పని చెప్పాడు. బంగారుపేట స్టేషన్ రోడ్డులో రాయ్ సారు కొత్త హోటలు పెడుతున్నాడు. వచ్చే ఆదివారం తెరుస్తున్నాడు. వాకిట్లో అడుగు పెట్టగానే కనబడేటట్టు మనిషి పొడవు తొట్టి ఒకటి కట్టించినాడు. అందులో గప్పీలు, గోల్డుఫిష్షులు వద్దంట. అన్నీ ఫైటర్లే ఉండాలంట, అన్నీ కలిసి ఈదాలంట, కప్పు కొట్టిన రంగువే కావాలంట.

అతని కళ్ళు మాట్లాడుతూనే గోడ వారగా ఉన్న సిమెంటు తొట్టి మీదికి పోయాయి. ఎండిన బాదం ఆకులు నానిన నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఆ నీళ్ళలో దిబ్బోడి కొడుకులు తిరుగుతున్నాయి. ఒకే కాన్పు. గుడ్డు నుంచి ఇప్పటిదాకా ఒకదాని తోక ఇంకొకటి ముట్టుకుంటూ పెరిగినవి. మధ్యమధ్యలో ఒకటి ఇంకోదాని ముందర రెక్క విప్పుతుంది, అదేమీ పట్టించుకోకుండా పక్కకు పోతుంది, అంతటితో అయిపోతుంది.

"ఇవన్నీ అన్నదమ్ములే గదా అక్కా," అన్నాడు జగదీష్. "కలిపేస్తే కొట్టుకోవు గదా?"

"చూస్తా ఉండావు గదా. కొట్టుకుంటా ఉండాయా?"

అబద్ధం కాదది. ఒక తొట్టిలో పెరిగినవి కొట్టుకోవు అని అతనికి చెప్పింది కూడా ఆమే, ఒకప్పుడు, ఇదే రుబ్బురోలు దగ్గర. ఆ మాటకు ఇంకో సగం ఉంది. ఒక్కసారి విడదీసి వేరే సీసాల్లో పెడితే మళ్ళీ కలపకూడదు. నాలుగు రోజులు చాలు, ఎవరి నీళ్ళు వాళ్ళవైపోతాయి, అన్న ఎవరో తమ్ముడు ఎవరో గుర్తుండదు. ఆ సగం చెప్పేలోపల అప్పుడు జగదీష్ సెల్లు మోగింది, అతను మాట్లాడుకుంటూ బయటికి పోయాడు. సగం మాట విన్నవాడు దాన్నే మొత్తం అనుకుని ఇన్నాళ్ళూ తిరుగుతున్నాడు.

ఇప్పుడైనా చెబుదామని సౌభాగ్య నోరు తెరిచింది.

"వీడియో చూసినావా అక్కా?" అన్నాడు జగదీష్ గ్లాసు కింద పెడుతూ. "మన పేరు యాడికో పోయింది."

"ఎవరి పేరప్పా?"

"మన కేజీఎఫ్ పేరు."

సౌభాగ్య నోరు మూసుకుంది. ఆదివారానికి చేపలు తయారుగా ఉంటాయి, ఒక్కోదాన్ని ఒక్కో కవరులో కట్టి ఇస్తాను అంది. జగదీష్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. నువ్వు కూడా రా అక్కా వ్యాన్లో, కవర్లు తుడిచేదానికి ఒకరుండల్ల గదా అని చెప్పి పోయాడు.

*

ఆ మధ్యాహ్నమే ఆమె టీ వడకట్టు తీసుకుని తొట్టి పక్కన కూర్చుంది. తొందరపడలేదు. వడకట్టును నీళ్ళ అడుగున పెట్టి, చేప దాని మీదికి వచ్చేదాకా ఆగి, నీళ్ళతో సహా పైకెత్తి, ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో విడిచింది. సీసాలు చాలకపోతే నాన్సీ ఇంటికి పోయి తెచ్చుకుంది. అట్టలు చాలలేదు. సౌభాగ్య కాసేపు అటూ ఇటూ చూసి, లోపలికి పోయి మైసూరుపాకు డబ్బా తెచ్చింది. మిఠాయి వీధి పిల్లల చేతుల్లో పోసి, డబ్బాను కత్తెరతో అట్టలుగా కోసింది. నెయ్యి అంటిన వైపు తుడిచి సీసాల నడుమ దించింది.

మొదటి రోజు చేపలు బెదిరాయి. సీసా అడుగున పడుకుని, గాజు పొడుగునా మూతి రాస్తూ పక్కవాళ్ళ కోసం వెతికాయి. దోమపిల్లల్ని వడగట్టి తెచ్చి వేసినా తినలేదు. ఆమె చూసి వంటింట్లోకి పోయింది. రెండో రోజు తిన్నాయి. మూడో రోజు పొద్దునకు ఒక సీసాలో నీళ్ళ పైన తెల్లగా నురుగు కట్టి ఉంది. మగ చేప బుడగలు కట్టిందంటే ఇల్లు కట్టుకున్నట్టే. ఇది నాది అనుకున్నట్టే. సాయంత్రానికి ఇంకో రెండింట్లో కనబడింది.

అప్పుడు ఆమె అట్టలు తీసింది. అన్నదమ్ములు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చెవులు విప్పాయి. మామూలుగా దించే సమయానికి ఆమె అట్ట దించలేదు. చేతిలో పట్టుకుని నిలబడింది. ఒక చేప గాజును పొడిచింది. ఇంకొకటి పొడిచింది. నీళ్ళు కదిలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాటి రంగు మునుపు ఎన్నడూ లేనంత నల్లబడింది.

బాదం ఆకులు ఏరుకొచ్చిన నాన్సీ ఆ చప్పుడు విని వచ్చింది. చర్చి ఆవరణలో రాలినవన్నీ గోనెసంచిలో కుక్కి తెచ్చేది ఆమే. సంచి దించి, తొట్టిలోకి తొంగిచూసి, ఖాళీ తొట్టినీ నిండు సీసాల్నీ మార్చిమార్చి చూసింది. ఇవి కలిసి ఉండేవి గదా, ఏమిటికి విడదీసినావు అని అడిగింది. సౌభాగ్య చెప్పింది. దాచలేదు. నాన్సీ తలుపు గడప మీద కూలబడింది. కాసేపటికి నవ్వింది, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"వాని మీద కోపం సరే. ఇవేం చేసినాయక్కా పాపం?"

"దిబ్బోడు ఏం చేసినాడు?"

నాన్సీ లేచింది. గోనెసంచి మూతి ముడి వేసి పోయింది. సౌభాగ్య అట్టలు దించింది. దించేటప్పుడు చివరి సీసా దగ్గర ఆగింది. అందులో ఉన్నది అన్నిటికంటే చిన్నది. మిగతావాటికి తోక అంచునే ఆగిన తండ్రి బంగారు గీత మూతి కింద దాకా వచ్చింది దీనికి ఒక్కదానికే. ఆ నిండు గీత కోసం ఎన్ని కాన్పులు చూసిందో, ఎన్ని జతలు మార్చిందో ఆమెకే లెక్క తప్పింది. దిబ్బోడు పోయాక ఆ గీతను ముందుకు తీసుకుపోయేది ఇదొక్కటే. దీన్ని పంపే ఆలోచన ఆమెకు లేదు. ఆ సీసాను ఎత్తి, వంటింట్లో ఉప్పుజాడీ వెనక పెట్టింది. దీనికి మాత్రం అట్ట తీసి చూపించలేదు.

*

ఆదివారం పొద్దున జగదీష్ వ్యాను తెచ్చేసరికి కవర్లు తయారుగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో కొంచెం నీళ్ళు, మిగతా గాలి, రబ్బరు బ్యాండు. ఒక్కో కవరును వార్తాపత్రికలో చుట్టి అట్టపెట్టెలో పేర్చింది. జగదీష్ ఒకటి విప్పి వెలుతురుకు పట్టుకుని చూసి, రంగు భలే తేలిందే అన్నాడు. ఏం వేసినావక్కా అని అడిగాడు. ఏమీ వేయలేదని చెప్పింది. అదీ నిజమే.

పెట్టె వ్యానులో పెట్టాక అతను నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వచ్చాడు. చెంబు కోసం చెయ్యి చాపినవాడు ఉప్పుజాడీ వైపు చూసి అట్లాగే నిలబడ్డాడు.

"అందరికన్నా బాగుండేది ఇక్కడ పెట్టినావే. నాకు ఇచ్చేదానికి మనసు రాలేదా?"

"అది చిన్నది. దానికి ఇంగా తినిపించల్ల."

"అక్కడ తింటాదిలే. అన్నల పక్కన ఉంటే ధైర్యంగా ఉంటాది."

సీసా అతని చేతిలోకి పోయింది. సౌభాగ్య చెయ్యి ముందుకు వచ్చి ఆగింది. ఇవ్వను అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే వ్యానులో ఉన్న పెట్టె సంగతి బయటపడుతుంది. వారం రోజుల పనీ పోతుంది. సీసాలో చిన్నది ఆమె వేలు వస్తుందనుకుని పైకి తేలి మూతి బయట పెట్టింది. ఆమె ఒక కవరు తీసి జగదీష్‌కు ఇచ్చింది.

వ్యాను వెనక సీట్లో ఆమె ఆ ఒక్క కవరును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాంపియన్ రీఫు గనులు దాటినా, దిబ్బలు వెనకబడినా బయటికి చూడలేదు. మిగతా పెట్టె ఆమె కాళ్ళ దగ్గర కదులుతూ వచ్చింది. ముందు సీట్లో జగదీష్ డ్రైవరుకు కప్పు కథ చెబుతున్నాడు.

హోటలు కొత్త రంగు వాసన కొడుతోంది. ఫాదరు వచ్చి ప్రార్థన చేసి, నాలుగు మూలలా తీర్థం చల్లి, తొట్టి మీద కూడా రెండు చుక్కలు వేసి పోయాడు. రైలుకు పోయేవాళ్ళు, రైలు దిగినవాళ్ళు, రాయ్ సారు చుట్టాలు, అందరూ ఇడ్లీ ప్లేట్లతో నిలబడి ఉన్నారు. తొట్టిలో నీలం రాళ్ళు, ప్లాస్టిక్ కోట ఒకటి. ఆకు లేదు, దాక్కునే చోటు లేదు. సౌభాగ్య కవర్లు తుడిచి ఒక్కోటి అందించింది. జగదీష్ చొక్కా చేతులు మడిచి, సెల్లులు తన వైపు తిరిగాయో లేదో చూసుకుని, ఒక్కోటి విప్పి కుమ్మరించాడు. చిన్నదాని కవరు ఆమె చివర్న ఇచ్చింది.

చప్పట్లు కొట్టారు. కాసేపు ఏమీ కాలేదు. చేపలు కొత్త నీళ్ళలో తలా ఒక మూలకు పోయి తేలుతూ ఉన్నాయి. తొట్టి లోపలి దీపం వేయమని రాయ్ సారు చెప్పాడు.

దీపం వెలిగింది. ఒకటి ఇంకొకదాన్ని చూసింది. చెవులు విప్పింది. రెండూ పక్కపక్కన నిలబడి తోకలతో కొట్టుకున్నాయి. మూడోది వచ్చింది. అంతే, ఇంక తొట్టంతా ఒక్కసారి ఉడికినట్టయింది. రెక్కల ముక్కలు పూలరేకుల్లాగా నీళ్ళలో తేలాయి. ఒకటి ఇంకోదాని దవడ పట్టుకుని కిందికి ఈడ్చుకుపోయింది, రెండూ నీలం రాళ్ళ మీద దొర్లాయి.

సౌభాగ్య తొట్టిని చూడడం లేదు. జగదీష్ మొహం చూస్తోంది. వారం నుంచి ఆమె కాచుకున్నది దీని కోసమే. ఆ మొహంలో నవ్వు చెంపల దగ్గర మొదలై దిగజారింది. అతను గాజు మీద అరచేత్తో కొట్టాడు, ఏయ్ ఏయ్ అన్నాడు, చేపలు మేకలయినట్టు. రాయ్ సారు ప్లేటు పక్కన పెట్టి వచ్చాడు. ఏందప్పా ఇది, తెరిచిన రోజే నా హోటల్లో చంపులాటా అని అడిగాడు. జగదీష్ అటూ ఇటూ చూశాడు.

"నావి కాదు సార్ ఇవి. పెంచింది సౌభాగ్యమ్మ. అదో, ఆమెనే అడగండి."

అందరి తలలూ తిరిగాయి. సెల్లులూ తిరిగాయి. కవర్లు తుడిచిన గుడ్డ చేతిలో పట్టుకుని సౌభాగ్య నిలబడి ఉంది. నలుగురిలో తన పేరు అతని నోట రావాలని ఎన్ని రోజులు అనుకుందో, అది వచ్చింది.

అంతలో వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఫైటరంటే ఇదిరా అన్నాడు ఒకడు. గోల్డుఫిష్షులాగా తిరిగితే దానికి ఫైటరని పేరెందుకు అన్నాడు ఇంకొకడు. ప్లేట్లు పట్టుకున్నవాళ్ళంతా తొట్టి చుట్టూ చేరారు. నల్లది గెలుస్తాదని, కాదు తోక పొడుగుది గెలుస్తాదని పందేలు మొదలయ్యాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు లోపలికి వచ్చారు. రాయ్ సారు ఆ జనాన్ని చూశాడు, నిండిన బల్లల్ని చూశాడు, అతని కనుబొమలు మెల్లగా విచ్చుకున్నాయి. అమ్మా నీ పేరేమంటివి అని అడిగాడు. ప్రతి ఆదివారం ఇట్లా పెట్టిస్తే ఎట్లుంటాది, తొట్టి మీద నీ పేరే బోర్డు రాయిస్తాను అన్నాడు.

జగదీష్‌కు ప్రాణం లేచివచ్చింది. ఆమె పక్కకు వచ్చి, చెవి దగ్గర, "చూసినావా అక్కా, నీ పేరు చెప్పినాను," అన్నాడు.

సౌభాగ్య అప్పుడు తొట్టి వైపు చూసింది. ప్లాస్టిక్ కోట వెనక మూలలో చిన్నది గాజుకు అతుక్కుని ఉంది. దానికి కొట్టుకోవడం రాదు. రెండు అన్న చేపలు చెరోవైపు నుంచి పొడుస్తున్నాయి. బంగారు గీత తోక దగ్గర తెగి వేలాడుతోంది. దిబ్బోడికి అద్దం పెట్టింది జగదీష్. వీటికి అద్దం పెట్టింది తను.

ఆమె చీర చెంగు దోపుకుంది. సప్లయరును పిలిచి నీళ్ళ గ్లాసులు అన్నీ తెమ్మంది. స్టీలువి కాదు, గాజువి తే, ఏది బతికిందో నాకు కనబడల్ల అంది. ఆ గొంతు విని అతను పరుగున పోయి తెచ్చాడు. ఆమె మోచేతి దాకా తొట్టిలో పెట్టింది. మొదట కోట వెనక చెయ్యి దూర్చి చిన్నదాన్ని గుప్పిట్లో తీసింది. ఆ తర్వాత ఒక్కోదాన్ని, పట్టు వదిలేదాకా ఆగి, గ్లాసుల్లోకి ఎత్తింది. గ్లాసుల్ని గల్లాపెట్టె బల్ల మీద వరుసగా పేర్చింది. కొత్త మెనూకార్డుల కట్ట విప్పి, గ్లాసుకూ గ్లాసుకూ నడుమ ఒకటి నిలబెట్టింది. ఒకటి మాత్రం నీలం రాళ్ళ మీద పక్కకు పడి ఉంది. దాన్నీ తీసింది. అది కదలలేదు. కాగితం రుమాలులో చుట్టి చేతిలోనే పట్టుకుంది.

జనం అబ్బా అన్నారు. ఆట బాగుండంగానే చెడగొట్టిందే అన్నారు. రాయ్ సారు ముందుకు వచ్చి, ఆమె తడి చెయ్యి చూసి పక్కకు జరిగాడు.

చివరి రెండు గ్లాసుల నడుమ పెట్టడానికి కార్డు లేదు. అప్పటికే అటుదీ ఇటుదీ చెవులు విప్పి గాజును పొడుస్తున్నాయి. ఒకటి చిన్నది. దానికీ ఇప్పుడు నేర్పు వచ్చింది.

"చెయ్యి పెట్టు," అంది సౌభాగ్య.

జగదీష్ అర్థం కానట్టు చూశాడు.

"అడ్డం పెట్టప్పా నీ చెయ్యి. తీస్తే చచ్చిపోతాయి. నేను వీటి గాయాలకు కల్లుప్పు తేవల్ల."

అతను అరచెయ్యి నిలువుగా రెండు గ్లాసుల నడుమ పెట్టాడు. రెండు చేపలూ చెరోవైపు నుంచి ఆ చెయ్యిని చూసి కోపం దించుకున్నాయి. సెల్లులన్నీ ఇప్పుడు అతని మీదికి తిరిగాయి. కప్పు పట్టుకున్న నాటి ఇస్త్రీ చొక్కాతో, గల్లాపెట్టె ముందర, చెయ్యి కదపడానికి లేకుండా వంగి నిలబడినవాడు. ముక్కు మీద ఈగ వాలితే ఊది తోలుకున్నాడు. ఎవరో నవ్వారు. సౌభాగ్య వంటింట్లో కల్లుప్పు అడిగింది, కాగితంలో పోయించుకుంది, వచ్చేదారిలో ఒక బల్ల దగ్గర కూర్చుని టీ తెమ్మంది. మెల్లగా ఊదుకుంటూ తాగింది. జగదీష్ చూపు ఆమె మీదే ఉంది. ఆమె గ్లాసు అడుగు దాకా తాగింది.

సెల్లు పట్టుకున్న ఒకాయన ఆమె దగ్గరికి వచ్చి, ఇవన్నీ మీరొక్కరే పెంచినారా అమ్మా, మరి ఆయన ఎవరు అని అడిగాడు.

"అట్ట పట్టుకోను ఒకాయన ఉండాడు," అంది సౌభాగ్య. జగదీష్‌కు వినబడేటట్టే అంది. "మిగతా అంతా నేనే."

అని, చేతిలోని కాగితం రుమాలు వైపు చూసుకుంది. అది తడిసి, లోపలి అన్న చేప తోక అంచున పొట్టి బంగారు గీత బయటికి కనబడుతోంది.